ఆలుమగల తగువు ముదరకుండా తీర్చుకోవడం ఎలా

పెళ్లయిన తొలి రెండు మూడేళ్లలో చాలా తెలుగు ఇళ్లలో ఒక పెద్ద గొడవ సంక్రాంతి టికెట్ల దగ్గర మొదలవుతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరికీ కలిసొచ్చే సెలవులు మూడు నాలుగు రోజులు మాత్రమే, వెళ్లవలసిన ఇళ్లు మాత్రం రెండు. రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటాయి కనుక జనవరి పండుగ సంగతి నవంబరు నడిమికే తేలిపోవాలి. ఇద్దరూ ఆ మాట ఎత్తడానికి జంకి రోజులు గడిపేస్తారు. చివరకు ఒకరు తమ ఊరికి టికెట్లు తీసేసి, తీశానని చెబుతారు. ఆ రాత్రి మొదలైన వాదన టికెట్ల మీదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది గాని, రెండోవారి లోపల మెదులుతున్న మాట వేరు. "నన్నొక్క మాట అడగకుండా ఎలా నిర్ణయించావు? మా అమ్మానాన్నలు నీకు లెక్కలోకి రారా?" అన్నది ఆ మాట.

ఏ తగువులోనైనా ఇలా రెండు పొరలు ఉంటాయి. పైన ఉన్నది ఒక పని గురించిన తేడా. దానికి ఒక ఏర్పాటు కావాలి. లోపల ఉన్నది గుచ్చుకున్న ఒక నొప్పి. దానిని ఎదుటివారు గుర్తించి ఒప్పుకోవాలి. టికెట్లు రద్దు చేసినంత మాత్రాన లోపలి నొప్పి పోదు, పొరపాటయిందని చెప్పినంత మాత్రాన పండుగకు ఎటు వెళ్లాలో తేలదు. ఒకే గొడవ ప్రతి ఏడాదీ అదే మాటలతో తిరిగి వస్తున్నదంటే, ఆ ఇద్దరూ రెండు పొరల్లో ఒకదానికే జవాబు చెప్పుకుని రెండోదానిని వదిలేస్తున్నారని నేను అనుకుంటాను. కింద రాస్తున్నదంతా ఆ రెండింటినీ విడదీసి, దేనికి తగిన జవాబు దానికి ఇచ్చుకోవడం గురించే.

ముందుగా చూసుకోవలసినది

ఈ పద్ధతి సమానంగా నిలబడి వాదించుకోగల ఇద్దరి కోసం. చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, జీతం లాక్కోవడం, పుట్టింటితో మాట్లాడనివ్వకపోవడం, కట్నం కోసం వేధించడం జరుగుతున్న చోట ఉన్నది తగువు కాదు, హింస. అక్కడ మాట తీరు మార్చుకోమనీ, సర్దుకుపొమ్మనీ సలహా చెప్పడం తప్పు, ప్రమాదం కూడా. గృహ హింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం దెబ్బలను మాత్రమే కాక, మాటలతో, మానసికంగా, ఆర్థికంగా పెట్టే బాధలను కూడా హింసగానే గుర్తిస్తుంది. పెళ్లి కాకపోయినా భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న స్త్రీకి కూడా ఆ రక్షణ అందుతుంది. మహిళా సహాయవాణి నంబరు 181. అప్పటికప్పుడు ప్రమాదం ముంచుకొస్తే 112కు ఫోన్ చేయాలి.

ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి

కోపం తలకెక్కిన మనిషికి చెవులు పనిచేయవని మన పెద్దలు అనుభవంతో అన్న మాటకు శరీరంలోనే ఆధారం ఉంది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ 1980ల నుంచి దంపతులను ప్రయోగశాలలో కూర్చోబెట్టి, వారు వాదించుకుంటున్నప్పుడు గుండె వేగాన్ని, చెమటను, ముఖకవళికలను కొలుస్తూ వచ్చారు. గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటున్న దశలో మనిషి ఎదుటివారి మాటను సరిగా వినలేడనీ, శరీరం మళ్లీ నెమ్మదించడానికి కనీసం 20 నిమిషాలు పడుతుందనీ ఆయన చెప్పారు. ఆయన చూసినవారు ఎక్కువగా అమెరికా దంపతులు కనుక ప్రతి మాటనూ మన ఇళ్లకు అలాగే అతికించలేం గాని, కోపంలో గుండె వేగం పెరగడం మాత్రం ఎవరికైనా ఉన్నదే.

కనుక గొంతు పెరిగిందని తెలిసిన క్షణంలో ఆగాలి. ఆగే తీరులో ఒక మెలకువ ఉంది. మాట మధ్యలో లేచి తలుపు ధడాలున వేసుకుని వెళ్లిపోతే, మిగిలినవారికి అది రెండో అవమానం అవుతుంది. "నాకు ఇప్పుడు కోపంగా ఉంది, నోరు జారుతానేమోనని భయంగా ఉంది. ఒక అరగంట అలా నడిచి వస్తాను, వచ్చాక ఇదే మాట్లాడదాం" అని చెప్పి వెళ్లాలి. ఎంతసేపటికి తిరిగి వస్తారో చెప్పడం, చెప్పిన వేళకు రావడం, వచ్చాక ఆ మాటను తామే ఎత్తడం, ఈ మూడింటిలో ఏది తప్పినా అది విరామం కాదు, తప్పించుకోవడమే అవుతుంది. ఆ అరగంటలో వాదనకు కొత్త అస్త్రాలు వెతుక్కుంటే గుండె నెమ్మదించదు. గిన్నెలు కడుక్కోవడమో, మొక్కలకు నీళ్లు పోయడమో మేలు.

ఇక్కడ అలక గురించి ఒక మాట చెప్పాలి. మన పెళ్లిళ్లలో అలకపాన్పు అని ఒక వేడుకే ఉంది. సత్యభామ అలకను తరతరాలుగా ముచ్చటగా చెప్పుకున్నాం. అలకలో ఒక పిలుపు ఉంటుంది, వచ్చి బ్రతిమాలమని అడగడం ఉంటుంది, అందుకే అది తీరినప్పుడు ఇద్దరికీ కొంత తియ్యగా ఉంటుంది. నాలుగైదు రోజులపాటు మాట మానేసి, వడ్డించిన కంచం తోసేసి, పిల్లల ద్వారా కబుర్లు పంపే మౌనం వేరు. అది శిక్ష. మొదటిదానికి దగ్గరకు వెళ్లి కూర్చుంటే చాలు. రెండోది అలవాటైన ఇంట్లో మాత్రం ఒక నియమం ముందుగానే పెట్టుకోవడం మంచిది: ఎంత కోపం వచ్చినా మాట మానేయడం ఒక రాత్రికి మించకూడదని, మరునాడు ఎవరు ముందు పలకరించినా దానిని ఓటమిగా లెక్కించకూడదని.

తగువును వాట్సాప్‌లో నడిపించవద్దు. రాతలో గొంతు వినపడదు. రెండు నీలిరంగు టిక్కులు పడి జవాబు రాకపోవడమే కొత్త తగువు అవుతుంది. ఒకరు విదేశంలో, ఒకరు ఇక్కడ ఉన్నవారు అయితే వీడియో కాల్‌కు ఒక వేళ అనుకుని, ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవాలి.

మాట ఎత్తే తీరు

మొదటి వాక్యం ఎలా ఉంటే మిగిలిన సంభాషణ చాలావరకు అలాగే సాగుతుంది. "నీకెప్పుడూ మీవాళ్లే ముఖ్యం, నేను ఈ ఇంట్లో ఎవరిని?" అని మొదలుపెడితే ఎదుటివారు తమను కాపాడుకునే పనిలో పడతారు, మన నొప్పి వారికి వినపడదు. "టికెట్లు తీసేశానని నువ్వు చెప్పినప్పుడు, నన్నొక మాట అడగలేదని బాధేసింది. ఈసారి ఎటు వెళ్లాలో ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందామా?" అంటే అదే ఫిర్యాదు, అంతే నిజం, కాని వినడానికి చోటు మిగులుతుంది. జరిగిన ఒక్క సంగతి, దాని వల్ల కలిగిన బాధ, ఇప్పుడు కోరుతున్నది, ఈ మూడూ ఉంటే చాలు. పాత సంగతులు అందులోకి రాకూడదు. పెళ్లిలో కుర్చీ వేయలేదన్న మాట నుంచి నిన్నటి పప్పులో ఉప్పు వరకు ఒకేసారి ఏకరువు పెడితే దేనికీ జవాబు దొరకదు.

మన భాషలో కోపం ఏయే మాటల్లో దాక్కుంటుందో కూడా గమనించాలి. మామూలు రోజుల్లో "అత్తయ్యగారు" అనే కోడలు గొడవ రోజున "మీ అమ్మ" అంటుంది. "మామయ్యగారు ఫోన్ చేశారు" అనే అల్లుడు "మీ నాన్న" అంటాడు. "మీవాళ్లు", "మావాళ్లు" అన్న మాటలు వచ్చాయంటే ఇద్దరి మధ్య సరిహద్దు గీత పడిందని అర్థం. నువ్వు అని పిలుచుకునే ఇద్దరిలో ఒకరు ఉన్నట్టుండి "మీరు" అంటే అది మర్యాద కాదు, దూరం. ఏళ్లుగా "మీరు" అన్న నోట "నువ్వు" వస్తే అది చనువు కాదు, దెబ్బ. ఎంత కోపంలోనైనా రోజూ పిలిచే వరసను మార్చకుండా ఉండగలిగితే సగం విషం దిగిపోతుందని నా గట్టి నమ్మకం. "అత్తయ్యగారు అన్న మాటకు నాకు బాధ కలిగింది" అని చెప్పడానికి, "మీ అమ్మ నన్నేమందో తెలుసా" అనడానికి మధ్య ఉన్న తేడా భర్తకు వెంటనే వినపడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చులకన. వెక్కిరింతగా పెదవి విరవడం, "నీకేం తెలుసులే" అనడం, చదువునో జీతాన్నో పుట్టింటి స్థితినో ఎత్తిపొడవడం, పదిమందిలో భార్యను గాని భర్తను గాని నవ్వులపాలు చేయడం ఈ కోవలోకి వస్తాయి. గాట్‌మన్ పరిశీలనలో విడాకులకు దారితీసే లక్షణాలన్నిటిలోనూ ముందున్నది ఇదే. కోపంలో అన్న మాటను మనిషి మరచిపోగలడు, దెప్పిపొడుపును మరచిపోలేడు.

వినేవారికి కూడా ఒక పని ఉంది. జవాబు చెప్పే ముందు, తమకు అర్థమైనదేమిటో తమ మాటల్లో తిరిగి చెప్పాలి: "అంటే, వెళ్లడం గురించి కాదు, నిన్ను అడగలేదన్నదే నీ బాధ, అంతేనా?" అని. "అంతే" అన్న మాట ఎదుటి నోటి నుంచి వచ్చేదాకా తమ వాదన మొదలుపెట్టకూడదు. ఒప్పుకోవడం వేరు, అర్థమైందని చెప్పడం వేరు. ఈ రెండోది చెప్పడానికి ఎవరూ ఏమీ వదులుకోనక్కర లేదు.

రెండు ఇళ్ల మధ్య

మన దాంపత్యాల్లో తగువు అరుదుగా ఇద్దరిదే అవుతుంది. వెనుక ఇద్దరి ఇళ్లూ ఉంటాయి. పండుగలు, పంపే డబ్బు, అత్తగారి మాట, ఆడపడుచు పెళ్లి ఖర్చు, బావమరిదికి ఇచ్చిన అప్పు, పురుడు ఎక్కడ పోయాలి అన్నది, వీటిలో ఏదో ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వీటిని నెగ్గుకు రావడానికి నేను నమ్మే మొదటి సూత్రం ఇది: ఎవరి తల్లిదండ్రులతో వారే మాట్లాడాలి. కోడలికి అత్తగారి మాట గుచ్చుకుంటే, ఆ సంగతి తల్లితో నెమ్మదిగా చెప్పవలసినవాడు కొడుకు. మామగారు అల్లుడి ఉద్యోగం గురించి నలుగురిలో తేలిక చేసి మాట్లాడితే, తండ్రికి చెప్పవలసినది కూతురు. కన్నబిడ్డ చెప్పిన మాటకు నొచ్చుకున్నా తల్లిదండ్రులు మరునాటికి మరచిపోతారు; అదే మాట కోడలో అల్లుడో అంటే ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

చెప్పేటప్పుడు కూడా "ఆమె ఇలా అంటోంది" అని భార్య మీద పెట్టి చెప్పకూడదు. "అమ్మా, ఈ సంక్రాంతికి మేం వాళ్ల ఊరు వెళ్దామనుకున్నాం, దసరాకు ఇక్కడికి వస్తాం" అని ఇద్దరి నిర్ణయంగా చెప్పాలి. తల్లి ముందు భార్యను, భార్య ముందు తల్లిని సమర్థిస్తూ ఇద్దరి దగ్గరా మంచివాడినని అనిపించుకోవాలని చూసే భర్త చివరకు ఇద్దరి నమ్మకమూ పోగొట్టుకుంటాడు. తల్లి మాట నొప్పించిందని భార్య చెప్పినప్పుడు "మా అమ్మ అలా అనే మనిషి కాదు" అని తీర్పు చెప్పడం అతని పని కాదు. ఆ మాట నిజంగా అన్నారా లేదా అన్నది పై పొర. భార్యకు నొప్పి కలిగిందన్నది లోపలి పొర. దానికి ముందు జవాబు చెప్పాలి. భర్త తన అత్తమామల గురించి చెప్పుకున్నప్పుడు భార్యకూ ఇదే వర్తిస్తుంది.

పండుగల విషయంలో ఒకరిది వరంగల్, ఒకరిది భీమవరం అయితే దారి తేలిక: బతుకమ్మకూ దసరాకూ అటు, సంక్రాంతికి ఇటు. ఇద్దరిదీ గోదావరి జిల్లాలే అయినప్పుడు ఏడాది విడిచి ఏడాది వంతులు వేసుకోవడం, లేదా భోగి ఒక ఇంట, కనుమ ఇంకొక ఇంట గడపడం తప్ప మార్గం లేదు. ఏది అనుకున్నా దానిని ఆ ఏడాది టికెట్లు తెరవకముందే రెండు ఇళ్లకూ చెప్పేయాలి. చివరి వారంలో తెలిసిన మాట, అప్పటికే అరిసెల పిండి కొట్టించుకుని ఎదురుచూస్తున్న తల్లికి నిజంగానే కష్టం కలిగిస్తుంది.

డబ్బు

డబ్బు తగువుల్లో నొప్పి కలిగించేది మొత్తం కాదు, దాచడం. తమ్ముడి ఫీజుకు భర్త పంపిన పదివేలు భార్యకు బ్యాంకు సందేశం ద్వారా తెలిస్తే, అడిగి ఉంటే ఆమె కాదనేది కాకపోయినా, నన్ను పరాయిదానిగా చూశాడని అనుకుంటుంది. తన తల్లికి భార్య గుట్టుగా పంపుతున్న డబ్బు బయటపడినప్పుడు భర్త పరిస్థితీ అదే. దీనికి మందు, నెలకు ఒక ఆదివారం కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం. అద్దె, ఈఎంఐ, సరుకులు, చీటీ, రెండు వైపుల తల్లిదండ్రులకు పంపేది, ఇద్దరికీ లెక్క అడగని చేతి ఖర్చు, అన్నీ అందులో ఉండాలి.

ఖర్చు సగం సగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గాని అన్ని ఇళ్లలో కాదు. ఒకరి జీతం 60,000, ఒకరిది 40,000, ఇంటి ఖర్చు 50,000 అనుకుందాం. చెరి సగం వేసుకుంటే ఒకరికి 35,000, ఇంకొకరికి 15,000 మిగులుతుంది. జీతాన్ని బట్టి 30,000, 20,000 వేసుకుంటే 30,000, 20,000 మిగులుతాయి. ఏది ఎంచుకున్నా ఫరవాలేదు, లెక్క ఇద్దరికీ తెలిసి ఎంచుకోవాలి. బంగారం సంగతి మాత్రం వేరు. పెళ్లిలో భార్యకు పెట్టిన నగలు ఆమె స్త్రీధనం. అది ఆమె సొంత ఆస్తి అని, భర్త ఉమ్మడి ఆస్తిలా వాడుకోవడానికి లేదని 1985లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటిని తాకట్టు పెట్టాలనుకుంటే ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, విడిపించే తేదీ కాగితం మీద ఉండాలి.

ఇంటిపని

కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఆ పనిలో గడిపితే, పురుషులు 97 నిమిషాలు గడిపారు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో ఈ తేడా రాత్రి పది గంటల వేళ, ఎంగిలి గిన్నెల దగ్గర గొడవగా బయటపడుతుంది. "నేను సాయం చేస్తూనే ఉన్నాను కదా" అన్న భర్త మాట నిజమే కావచ్చు, కాని సాయం అన్న మాటలోనే పని ఆమెదన్న అర్థం ఉంది. పాల ప్యాకెట్టు తెచ్చిపెట్టడం ఒక పని; పాలు అయిపోతున్నాయని గుర్తుపెట్టుకోవడం ఇంకొక పని. అలసట ఈ రెండోదాని వల్ల ఎక్కువ. కనుక పనులను ముక్కలుగా కాకుండా మొత్తంగా పంచుకోవాలి. ఉదయం టిఫిన్ ఒకరిదంటే పిండి నానబోయడం దగ్గర నుంచి గట్టు తుడవడం వరకు వారిదే. రెండోవారు గుర్తు చేయకూడదు, చేసిన తీరుకు వంకలు పెట్టకూడదు. ఈ చివరి నియమం పాటించడం, చిన్నప్పటి నుంచి వంటిల్లు తమదనుకున్న స్త్రీలకు కొంత కష్టమే.

ఫోన్ల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఎదుటివారి ఫోన్‌ను దొంగచాటుగా చూస్తే అనుమానం తీరదు, ఇంకా ముదురుతుంది. ఏది చూసి అనుమానం వచ్చిందో సూటిగా అడగడం, అడిగినవారికి కసురుకోకుండా జవాబు చెప్పడం, ఇంతకంటే దగ్గరి దారి లేదు.

తీరని తేడాలు, మూడో మనిషి

దంపతుల మధ్య వచ్చే విభేదాల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరనివేనని గాట్‌మన్ బృందం లెక్క తేల్చింది. ఒకరికి ఇంటి నిండా చుట్టాలు ఉండాలి, ఒకరికి ఆదివారం నిశ్శబ్దం కావాలి. ఒకరు రైలుకు గంట ముందు స్టేషనులో ఉంటారు, ఒకరు కూత వినపడ్డాక పరిగెత్తుతారు. ఇవి స్వభావాలు. వీటి మీద గెలవాలని చూడకుండా హద్దులు పెట్టుకోవాలి: నెలలో రెండు ఆదివారాలు చుట్టాలకు, రెండు మనకు అని. ఈ సంగతి తెలియక ఎంతోమంది మంచి మనుషులు, మాకు జోడీ కుదరలేదని అనవసరంగా బెంగపడతారు.

గొడవ జరిగిన రాత్రి పుట్టింటికి ఫోన్ చేసి చెప్పుకోవడం ఆపుకోవాలి. మరునాటికి ఇద్దరూ కలిసిపోతారు, కాని అవతల తల్లి మనసులో అల్లుడో కోడలో ఎప్పటికీ ఆ రాత్రి మనిషిగానే మిగిలిపోతారు. పెద్దలు కావాలనుకుంటే ఇద్దరూ ఒప్పుకున్న ఒక్కరినే, ఇద్దరూ ఉన్నప్పుడే కూర్చోబెట్టాలి. మేనమామో, పిన్నో, పెళ్లి కుదిర్చిన పెద్దమనిషో, ఎవరైనా సరే, తీర్పు చెప్పే అలవాటు ఉన్నవారి కన్నా వినే ఓర్పు ఉన్నవారు నయం. అదే గొడవ నెలల తరబడి తిరగబెడుతూ నిద్రను, పనిని దెబ్బతీస్తుంటే కౌన్సెలింగ్‌కు వెళ్లడంలో చిన్నతనం లేదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులోనే, రాత్రింబవళ్లు పలుకుతుంది. కోర్టు మెట్లెక్కిన తరువాత కూడా ముందు రాజీకి ప్రయత్నించడం న్యాయమూర్తి బాధ్యత అని 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం చెబుతోంది. ఆ ప్రయత్నమేదో అంతదూరం పోకముందే చేసుకోవడం సులువు.

గొడవ ముగిశాక

మన ఇళ్లలో క్షమించమని అడగడం నాటకంలో మాటలా ఉంటుంది. ఒకరు కాఫీ కలిపి తెచ్చి పక్కన పెడతారు, రెండోవారు తీసుకుంటారు, గొడవ ముగిసినట్టు లెక్క. ఆ కాఫీని తిప్పికొట్టకూడదు; ఒక మనిషి పంతం దిగి వేసిన అడుగు అది. అయితే కాఫీతోనే ఆపేస్తే లోపలి నొప్పి మాటల్లోకి రాకుండా ఉండిపోతుంది. గ్లాసు ఖాళీ అయ్యాక ఒక్క వాక్యమైనా పైకి అనాలి: "నిన్ను అడగకుండా టికెట్లు తీయడం నాదే తప్పు, నీకు కష్టం కలిగింది, ఇకనుంచి ఇద్దరం అనుకున్నాకే తీస్తాను." అందులో "కానీ" అన్న మాట వచ్చిందంటే దాని ముందున్నదంతా కొట్టుకుపోతుంది. ఆ తరువాత, పై పొరకు కావలసిన ఏర్పాటు కూడా ఆ కూర్చున్న చోటే చేసుకోవాలి. వచ్చే నవంబరు మొదటి ఆదివారానికి "సంక్రాంతికి ఎటు?" అన్న మాటను ఇద్దరి ఫోన్లలోనూ అప్పుడే గుర్తు పెట్టుకుని లేవాలి.